ఒక మైనపు బిళ్ల కోసం దివిసీమ దాకా

కృష్ణా డెల్టాకి చూడ్డానికని వెళ్లేవాళ్లు కూచిపూడి నాట్యం కోసమో, హంసలదీవి దగ్గర నది సముద్రంలో కలిసే చోటు కోసమో వెళ్తారు. నేను మార్చి చివర్లో, ఎండలు ముదిరాక, ఒక సంచీ నిండా ఖాళీ ప్లాస్టిక్ సీసాలు పెట్టుకుని వెళ్లాను. బందరు, గుడివాడ, అవనిగడ్డల్లో మా ల్యాబుకి నమూనాలు పంపే ఆస్పత్రులున్నాయి. ఆ సీసాల్లో ఏది ఎంత పొయ్యాలో, పైన ఏం రాయాలో, ఎవరి చేతికివ్వాలో అక్కడివాళ్లకి మరోసారి చెప్పి రావడం నాకు అప్పగించిన పని. దాంతోపాటు ఇంకో పని కూడా ఉంది. ఈ ప్రయాణం ఎక్కువగా దాని గురించే.

ముందు మా పనేమిటో చెప్పాలి. మాది విజయవాడలో ఒక పెథాలజీ ల్యాబు. ఆపరేషన్లో తీసిన ముక్క మా దగ్గరికి వస్తే దాన్ని మైనంలో నిలిపి, ఉల్లిపొర కంటే పల్చగా కోసి, గాజుపలక మీద పరుస్తాం. ఆ ముక్కలో ఫలానా ప్రోటీన్ ఉందా, ఉంటే ఏ కణాల్లో ఉందీ అన్నది కంటికి కనబడదు. అందుకని దాని మీద యాంటీబాడీ వేస్తాం. ఒక్కో యాంటీబాడీ ఒక్కో ప్రోటీన్‌ని వెతికి పట్టుకుంటుంది, పక్కవాటి జోలికి పోదు. అది పట్టుకున్న చోట గోధుమరంగు తేలేలా తర్వాతి మందులు వేస్తాం. గోధుమరంగు తేలిన చోట ప్రోటీన్ ఉన్నట్టు.

నాంచారమ్మగారిది దివిసీమలో చేపలు పట్టే కుటుంబం. ఇది ఆవిడ అసలు పేరు కాదు, రాయడానికి మాత్రం ఒప్పుకున్నారు. బందరులో రొమ్ము గడ్డకి ఆపరేషన్ అయింది. ఆ గడ్డ కణాల్లో ఈస్ట్రోజన్‌ని పట్టుకునే ప్రోటీన్ ఉంటే, రోజుకో మాత్రతో జబ్బుని ఏళ్ల తరబడి అదుపులో పెట్టే దారి ఉంటుంది. లేకపోతే ఆ దారి మూసుకుపోయినట్టే. మా స్లైడు మీద గడ్డలో గోధుమరంగు రాలేదు. కానీ గడ్డ పక్కనున్న ఆరోగ్యమైన పాలగొట్టాల్లోనూ రాలేదు. అక్కడ తప్పకుండా రావాలి. పైగా ముక్క నిండా అట్టు మీద చిల్లుల్లాగా చిల్లులు.

"ఇది 'లేదు' కాదు, 'తెలీదు'," అన్నారు మా పెథాలజిస్టు మేడం. "రెండూ ఒకటే అనుకుని సంతకం పెడితే ఆవిడకి మాత్ర అందదు. ముక్క పాడైంది. ఎక్కడ పాడైందో కనుక్కో. గుడివాడలో మొదట సూదితో తీసిన ముక్క ఉండాలి, అది పట్టుకురా."

క్యాన్సర్ డాక్టరు గారు వైద్యం మొదలుపెట్టకుండా మా రిపోర్టు కోసం ఎదురుచూస్తున్నారు.

బందరు

మాది అనంతపురం జిల్లా. మా వైపు నీళ్లు ఎక్కడుంటే అక్కడికి మనిషి వెళ్తాడు. ఇక్కడ బస్సు ఎటు తిరిగితే అటు కాలవ పక్కన నడుస్తుంది. ఇంకో తేడా, ఇక్కడ టిక్కెట్టు ఇస్తూ కండక్టరు కూడా "చిల్లర ఉందాండీ" అంటాడు. మా వైపు అంత మర్యాద పెళ్లిచూపుల్లోనే.

నర్సింగ్ హోమ్‌లో ఆపరేషన్ థియేటరు చూసుకునేది సలోమి సిస్టర్. నా సంచీ చూడగానే విషయం పసిగట్టింది.

"మేం ముక్కని ఉప్పునీళ్లలో వేసి పంపామని మీ ల్యాబులో అనుకుంటున్నారంటగా?"

అనుకుంటున్న మాట నిజమే. ఆ అనుమానం ముందు వచ్చింది నాకే. ఆవిడ అలమర తలుపు తీసింది. ముక్క కుళ్లకుండా నిలబెట్టే ఫార్మలిన్ క్యాన్లు, వెడల్పు మూతి సీసాలు, ముక్క తీసిన వేళ రాసే లేబుళ్లు. ముక్కకి పదింతలు ఫార్మలిన్ పొయ్యాలన్నది నియమం. అప్పుడే థియేటర్లోంచి వచ్చిన ఒక సీసా చూపించింది. నేను వంకపెట్టడానికి ఏమీ లేదు.

"మా దగ్గర దోషం లేదండి. గుమ్మం దాటాక సీసా ఎవరి చేతిలో ఉందో వాళ్లనడగండి."

"ఎవరి చేతిలో ఉంటుంది?"

"ఇంకెవరు, పేషెంటు మనుషులే. కొరియర్ అబ్బాయి రోజు విడిచి రోజు వస్తాడు. అప్పటిదాకా ఆగమంటే ఎవరాగుతారు? మేమే తీసుకెళ్తామంటారు."

మా ఊళ్లోనూ ఇంతే. కర్నూలు వెళ్లే బస్సులో రక్తం గొట్టాలు, టమాటా గంపలు పక్కపక్కనే ప్రయాణం చేస్తాయి. నేను చెప్పాల్సినవి చెప్పి లేస్తుంటే సలోమి సిస్టర్ ఒక పొట్లం చేతిలో పెట్టింది. "బందరొచ్చి లడ్డు తినకుండా వెళ్తే మాకు పరువు తక్కువండి. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినా సరే, తినాల్సిందే." బందరు లడ్డు నోట్లో పెట్టుకుంటే ముందు నెయ్యి తెలుస్తుంది, తర్వాత బెల్లం. సాయంత్రం చిలకలపూడి వెళ్లి అమ్మకి రోల్డుగోల్డు గాజులు కొన్నాను. అసలు బంగారం ధర తలుచుకుంటే వాటి మెరుపు నాకు ఇంకా బాగా నచ్చింది.

పెడన

మర్నాడు గుడివాడ రైలు మధ్యాహ్నం. అందాకా పెడనలో కలంకారీ అద్దకం చూశాను. కరీంగారి షెడ్డులో పొడుగాటి బల్లల మీద బట్ట పరిచి, చెక్క అచ్చులతో అద్దుతున్నారు. ఒక బల్ల మీద అచ్చు టపటపా పడుతోంది గానీ బట్ట మీద మరక లాంటిది తప్ప బొమ్మ కనబడదు.

"ఇదేంటండీ, రంగు లేదు?"

"ఇది పటిక. రంగు ఇప్పుడు రాదు, ఉడికాక వస్తుంది," అన్నారు కరీంగారు. పటిక అద్దిన బట్టని కాలవలో జాడించి, ఎర్రరంగు వేసిన కాగులో ఉడికిస్తారు. పటిక ఉన్న చోటే ఎరుపు నిలుస్తుంది, మిగతా చోట కడిగితే పోతుంది. నాకు భలే అనిపించింది. అద్దడానికి ముందు బట్టని కరక్కాయ నీళ్లలో, గేదెపాలలో ముంచి ఆరబెడతారని కూడా చెప్పారు.

"పాలెందుకండీ?"

"రంగు పక్కకి పాకకుండా."

"మేమూ పాలలోని ప్రోటీనే వాడతాం. యాంటీబాడీ ఎక్కడపడితే అక్కడ అతుక్కోకుండా."

"అట్టాగా? మీరు దేనిమీద అద్దుతారు?"

"మనిషి శరీరంలోంచి తీసిన ముక్క మీద."

కరీంగారు టీ గ్లాసు కింద పెట్టేశారు. "టీ తాగేటప్పుడు చెప్పే మాటేనా బాబూ ఇది?" అన్నారు. పక్క బల్ల దగ్గర అద్దుతున్న ఆవిడ పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత మాత్రం ఆయన ఒకటొకటిగా అన్నీ అడిగారు. నాంచారమ్మగారి పేరు చెప్పకుండా సంగతి చెప్పాను. రావాల్సిన చోట కూడా రంగు రాలేదంటే తప్పు బట్టదేనని ఆయన వెంటనే ఒప్పుకున్నారు.

"మరి ఆ బట్ట పాడుచేసిందెవరు?"

"అదే తెలుసుకోవాలండి."

"తెలిశాక కూడా నెమ్మదిగా మాట్లాడండి. నా దగ్గర బట్ట పాడుచేసినోళ్లంతా మంచికి పోయి చేసినోళ్లే."

గుడివాడ

పెడన నుంచి గుడివాడకి పాసింజరు రైలు. కిటికీకి అటూ ఇటూ చేపల చెరువులు, వాటిలో నీళ్లు చిమ్ముతూ తిరిగే చక్రాలు. వరి గురించి మాట్లాడేవాళ్లు బోగీలో ఇద్దరే ఉన్నారు, మిగతావాళ్లందరి మాటా రొయ్యల రేటే. గుడివాడ స్టేషను బయట ప్లేటు ఇడ్లీ మా ఊరి ధర కంటే తక్కువ, పచ్చడి మాత్రం రెండింతలు. రెండోసారి అడక్కుండానే వేశారు.

నాంచారమ్మగారి తమ్ముడు ఇక్కడుంటాడు. అందుకని గడ్డ మొదట కనబడినప్పుడు ఇక్కడే చూపించుకున్నారు. ఒక డాక్టరు గారు సూదితో దారాల్లాంటి ముక్కలు తీసి, పక్కనే ఉన్న చిన్న ల్యాబుకి పంపారు. అక్కడ అది క్యాన్సరని తేల్చారు, యాంటీబాడీ పరీక్షలు వాళ్ల దగ్గర లేవు. ఆ ల్యాబు నడిపే సుబ్బారావుగారు రిటైరయ్యే వయసు దాటిన టెక్నీషియన్. పాత ముక్కలన్నీ మైనపు బిళ్లల్లో, ఒక ఇనప అలమరలో, సంవత్సరాలవారీగా ఉన్నాయి. బిళ్ల అంటే అగ్గిపెట్టెలో సగం ఉంటుంది.

"చూస్తానంటే చూపిస్తాను, ఇవ్వడం మాత్రం కుదరదండి," అన్నారాయన.

"ఎందుకండీ?"

"పట్టుకెళ్లిన బిళ్ల ఒక్కటీ తిరిగి రాలేదు. మీ విజయవాడోళ్లు మరీను. అల్లుడికి బండిచ్చినట్టే."

"పేషెంటు గారు చెబితే?"

"ఆవిడ చెబితే ఇస్తాను."

ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. ఎత్తింది నాంచారమ్మగారి వదిన తిరుపతమ్మగారు. ఆవిడ అన్నగారి భార్య, ఇద్దరూ పక్కపక్క ఇళ్లలో ఉంటారు.

"ల్యాబా? రిపోర్టొచ్చిందా బాబూ?"

"ఇంకా లేదండి. దానికోసమే..."

"ఇంకా రాపోటమేంటి? చేప కూడా ఇన్నాళ్లు ఆగదయ్యా."

ఈలోగా నాంచారమ్మగారు ఫోన్ లాక్కున్నట్టున్నారు. సంగతి విని, "ఇచ్చెయ్యండి సుబ్బారావుగారూ," అన్నారు. "ఆ ముక్క నాదేగా. మీ బీరువాలో ఉండి అదేం చేత్తది?"

సుబ్బారావుగారు "ఆవిడ చెప్పింది పాయింటే," అని అలమర తాళం తీశారు. ఒక కాగితం మీద ఆవిడ చేత సంతకం పెట్టించి, దాని ఫొటో పంపమన్నారు. బిళ్లని వెలుతురుకి ఎత్తి చూశాను. మైనంలో తెల్లగా రెండు దారాలు. వాటిలో ఒకటి అప్పటి పరీక్షకే దాదాపు అరిగిపోయింది.

"మిగిలింది ఒకటే. నాలుగు పొరలు వస్తే ఎక్కువ," అన్నారాయన. "జాగర్త."

పామర్రు మీదుగా

అవనిగడ్డ బస్సులో డ్రైవరు పక్క సీటు దొరికింది. అదృష్టమనుకున్నాను. కాళ్ల దగ్గర చోటు లేదు, సంచీ ఎదురుగా ఉన్న రేకు పెట్టె మీద పెట్టాను. పామర్రు దాటాక డ్రైవరు అద్దంలోంచి చూసి అడిగాడు.

"అందులో ఏవుంది బాబూ? అది ఇంజను. అరటికాయలయితే ఈపాటికి మగ్గుంటాయి."

సంచీ లాగి ఒళ్లో పెట్టుకున్నాను. కవరు విప్పితే బిళ్ల ఒక అంచు జారి గుండ్రమైంది. వేలు తగిలిన చోట ముద్ర పడింది. వేడికి ముక్క పాడవదు, దాన్ని నిలిపిందే కరిగిన మైనంలో. కానీ మైనం జారితే దారం లోపల పక్కకి ఒరిగిపోతుంది. ఒరిగితే కోసినప్పుడు పొరలో పడేది చుక్కంతే. వెలుతురుకి పెట్టి చూశాను. దారం ఉన్నచోటే ఉంది, ఇప్పటికి. కిటికీలోంచి వచ్చే గాలి కూడా వేడిగానే ఉంది. మంచినీళ్ల సీసాతో తువ్వాలు తడిపి బిళ్ల కవరుకి చుట్టి, రెండు చేతుల మధ్యా పట్టుకుని కూర్చున్నాను. కూచిపూడి చూడాలని ఇంటి దగ్గర అనుకుని బయల్దేరాను. అది ఎప్పుడు దాటిందో నాకు తెలీదు.

దివిసీమ

అవనిగడ్డలో పని ముగించుకుని, నాగాయలంక దాటి, సీసా సంగతి అడగడానికి ఆటోలో నాంచారమ్మగారి పల్లెకి వెళ్లాను. గాలిలో ఉప్పూ, ఎండుచేపలూ. ఇళ్ల ముందు నైలాను వలలు పచ్చగా, నీలంగా కుప్పలు పడి ఉన్నాయి. మా వైపు ఇంటి ముందు వేరుశనగ కట్టె కుప్పలుండేది ఇలాగే.

నాంచారమ్మగారు అరుగు మీద కూర్చుని వల చిరుగులు కుడుతున్నారు. ఆపరేషనైన వైపు చెయ్యి పైకెత్తకుండా కుట్టడం అలవాటు చేసుకున్నారు. తిరుపతమ్మగారు ఎదురొచ్చి, పలకరింపు కంటే ముందు, "అన్నం తింటావుగా?" అన్నారు. కొరమేను పులుసు, రొయ్యల వేపుడు. మా ఇంట్లో పులుసంటే చింతకాయంత పులుపు. ఇక్కడి పులుసులో ముందు కారం వచ్చి, పులుపు వెనకనుంచి వస్తుంది. తింటూనే అడిగాను.

"బందరు నుంచి సీసా విజయవాడ తెచ్చిందెవరండీ?"

"నేనే. ఇంకెవరు తెత్తారు?" అన్నారు తిరుపతమ్మగారు.

"దార్లో ఏమైనా అయిందా? ఒలకడం అలాంటిది?"

"ఎందుకొలుకుద్ది? ఆ రోజు చీకటి పడిపోయిందని ఇంటికి తెచ్చి, రాత్రికి మా డీప్ ఫ్రిజ్‌లో పెట్టాను. పొద్దున్నే ఐసు పెట్టెలో సర్ది తీసుకొచ్చా. కొంచెం కూడా వాసన రాలా."

ఎంతో గర్వంగా చెప్పారు.

"సీసాలో మందునీళ్లు ఉండాలి కదండీ?"

"ఆ నీళ్లా? అయ్యి పారబోశాను. మూత తియ్యగానే తెలిసిపోయింది, ఫార్మలిన్. ఆ వాసన మాకు తెలీదా బాబూ? చచ్చిన చేపని తాజాగా చూపించటానికి ఎవడో పూత్తన్నాడని, మార్కెట్లో ఆఫీసర్లొచ్చి పెట్టె పెట్టె మూత తీయిత్తన్నారు. నా పెట్టెలో ఆ వాసనొత్తే నా దగ్గర మళ్లీ ఎవరన్నా కొంటారా? ఆసుపత్రోళ్లు కూడా మోసమే అనుకున్నా. శుభ్రంగా కడిగి, మినరల్ వాటర్ పోశాను."

చేపలమ్మే మనిషి కాకపోతే ఆ వాసన పోల్చుకోలేదు. పోల్చుకోకపోతే పారబోసేదీ కాదు.

చెప్పకుండా ఉండే వీల్లేదు. రేపు ఈ పల్లె నుంచి ఇంకో సీసా వస్తుంది. అందుకని చెప్పాను. చేపకైతే ఫార్మలిన్ మోసం, ఈ ముక్కకి మాత్రం అదే కాపలా అని. డీప్ ఫ్రిజ్‌లో ముక్కలోని నీరు గడ్డకట్టి లోపలి కణాలని చీల్చేస్తుందని. మా స్లైడు మీద కనబడిన చిల్లులు అలా పడ్డవేనని.

తిరుపతమ్మగారు గరిటె గిన్నెలో పెట్టారు.

"అయితే నేనే పాడుచేశానా?"

"ఊరుకో వదినా," అన్నారు నాంచారమ్మగారు.

"మీకెవరూ చెప్పలేదు," అన్నాను. "సీసా మీద రాసింది ఇంగ్లీషులో. మా కౌంటర్లో కూడా మూత తీసి చూడకుండానే తీసుకున్నారు. అప్పుడే వాసన చూసుంటే..."

ఆవిడ నా మాట వినట్లేదు. లేచి పెరట్లోకి వెళ్లిపోయారు.

నాంచారమ్మగారు వల పక్కన పెట్టి నన్ను సూటిగా అడిగారు. "ఇప్పుడు నువ్వు తెచ్చిన బిళ్లలోనన్నా తెలుద్దా?"

"తెలుస్తుందండి. దాన్ని తీసిన వెంటనే ఫార్మలిన్‌లో వేశారు. మేం కోసేదాకా మైనం కరక్కుండా ఉంటే చాలు."

తువ్వాలు అప్పటికే ఆరిపోయింది. నేను పెరట్లోకి వెళ్లాను. ఆవిడ ఐసు పెట్టె మీద కూర్చుని ఉన్నారు.

"తిరుపతమ్మగారూ, నాకు ఐసు కావాలి. దీనికి."

"నేను ముట్టుకోను బాబూ. నీకో దణ్ణం."

"ఇది వేరండి. ఇందులో నీళ్లు లేవు, అంతా తీసేసి మైనం ఎక్కించారు. దీనికి చల్లదనం మంచిదే. కోసేముందు మేం కూడా ఐసు మీదే పెడతాం."

"నిజంగా?"

"నిజంగా."

"నాంచారి మీద ఒట్టేసి చెప్పు."

వేశాను. ఆవిడ ఇంకాసేపు నా మొహంలోకి చూసి లేచారు. తర్వాత నేను చెయ్యడానికేమీ మిగల్లేదు. బిళ్లకి రెండు కవర్లు వేసి, ఒక్కో కవర్లో గాలి నొక్కి తీసి, మూతి మెలేసి కట్టారు. చిన్న థర్మాకోల్ పెట్టె అడుగున ఐసు గడ్డలు, పైన నలగ్గొట్టిన ఐసు, మధ్యలో బిళ్ల, దానిమీద మళ్లీ ఐసు. మూత చుట్టూ టేపు. "రేపు పొద్దుటిదాకా ఇది కరిగితే నేను చేపలమ్మటం మానేత్తాను," అన్నారు. అవనిగడ్డ దాకా నాతో ఆటోలో వచ్చారు. బస్సెక్కాక కండక్టరుని పిలిచి, "ఆ పెట్టె ఎండలో పెట్టకయ్యా, అందులో మా ఆడబిడ్డ ఉంది," అన్నారు. కండక్టరు నావైపు చాలా అనుమానంగా చూశాడు.

విజయవాడ

మర్నాడు బిళ్ల గట్టిగా, చల్లగా ఉంది. మూడు పొరలు చక్కగా తెగాయి. నాలుగోది చిరిగింది. అవి యాంటీబాడీ కింద ఉన్నంతసేపూ కొత్త లేబుళ్లు రాశాను, ఈసారి తెలుగులో. మూత తియ్యవద్దు, మందు పారబోయవద్దు, ఫ్రిజ్‌లో పెట్టవద్దు. సరిపోతుందా అని తిరుపతమ్మగారికి ఫోన్ చేసి చదివి వినిపించాను. "ఇది చేపల మోసం మందు కాదు అని కూడా రాయి. లేకపోతే మావోళ్లు మళ్లీ పారబోత్తారు," అని పొడిగా చెప్పి పెట్టేశారు. రాశాను.

మేడం స్లైడు మైక్రోస్కోపు కింద పెట్టి, గడ్డ వైపు వెళ్లకుండా ముందు ఆరోగ్యమైన పాలగొట్టాన్ని వెతికారు. ఆ సన్నని దారంలో ఒక్కటే ఉంది. దానిలో గోధుమరంగు ఉంది. అప్పుడు గడ్డ వైపు జరిపారు. నన్ను చూడమని కుర్చీలోంచి లేచారు. ఎక్కడ చూసినా గోధుమరంగు చుక్కలు, ఒక్కో కణంలో ఒక్కోటి.

"ఉంది," అన్నారు మేడం. "ఇప్పుడు సంతకం పెడతాను."

క్యాన్సర్ డాక్టరుగారితో మాట్లాడాక, నాంచారమ్మగారికి కూడా తనే చెబుతానన్నారు. నంబరు నేను కలిపాను. గడ్డలో ఆ ప్రోటీన్ ఉందనీ, మాత్ర పనిచేసే రకమనీ, మిగతా వైద్యం డాక్టరుగారు వివరంగా చెబుతారనీ మేడం నెమ్మదిగా చెప్పారు.

"ఈ మాట మళ్లీ మొదట్నుంచీ చెప్పండమ్మా," అన్నారు నాంచారమ్మగారు. "నాక్కాదు. ఆ అబ్బాయొచ్చి వెళ్లిన కాడ్నుంచీ మా వదిన నా పక్కన కూచుని అన్నం తినట్లా. ఫోను ఆవిడకిత్తన్నా."

మేడం కుర్చీ దగ్గరికి జరుపుకుని, మళ్లీ మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టారు.